నామినీ పేరుంటే సరిపోదు

మన షోలాపూర్ల వీలునామాను మృత్యుపత్రం అంటరు. ఆ పేరు వింటేనే పెద్దోళ్లు మాట మారుస్తరు. బ్యాంకుల పెద్ద కొడుకును నామినీగ పెట్టినం, ఇంకేం కావాలె అంటరు. నామినీ అంటే పైసలు చేతికి తీసుకునేటోడే. అవి వీలునామాల ఉన్నోళ్లకు, అది లేకుంటే వారసులందరికీ చెందుతయి. బ్యాంకు డిపాజిట్ కేసుల 2010ల సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

వీలునామా లేకుండ ఇంటాయన పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, బిడ్డలకు, తల్లి ఉంటే ఆమెకూ సమానంగ పోతది. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ ఉన్నరనుకోండి. రెండు ఖోలీల ఇంట్ల భార్యకు వచ్చేది నాలుగో వంతు. కొడుకులు అమ్ముదామంటే ఆ ముసలామె ఎక్కడికి పోవాలె? ఆమె బీడీలు చుట్టిన పైసలు గూడ ఆ గోడలల్ల ఉన్నయి గదా. ఇల్లు ముందు ఆమె పేరున రాయాలె అంటాను నేను. కొడుకులకు కోపమొస్తే రానీ.

రాసుడు పెద్ద పని కాదు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లే, తెలుగుల రాసినా చెల్లుతది. సంతకం రాకుంటే వేలిముద్ర. రిజిస్టరు చేస్తే మంచిదే గాని తప్పనిసరి కాదు. సాక్షులు మాత్రం ఇద్దరుండాలె, మీరు సంతకం పెట్టంగ చూసి వాళ్లూ పెట్టాలె. మనం మిల్లు దోస్తులనే పిలుస్తం, వాళ్లదీ మన వయసే. రేపు కోర్టుల చెప్పనీకి ఒకరన్న మిగలాలె గదా! 40 ఏళ్లోళ్లను, వాటా రానోళ్లను పిలవండి.

బక్షీస్ పత్రం చేసిస్తే ఇల్లు అప్పుడే చేయి దాటుతది. వీలునామాను బతికున్నన్నాళ్లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతది. అందుకే తేదీ వేయండి. కాగితం ఎక్కడ పెట్టిండ్రో ఇంటామెకు చెప్పండి.