సముద్రం చూడబోయి మంచినీళ్లు వెతుక్కున్నాం

పాతికేళ్లుగా బందరు చుట్టుపక్కల వూళ్లలో తిరుగుతున్నాను. మొదట సైకిలు మీద, తర్వాత పాత మోటారు సైకిలు మీద. కూలి రేట్ల తగాదాలకి పోయాను, ఇళ్ల స్థలాల ధర్నాలకి పోయాను. సముద్రం కూతవేటు దూరంలో వున్నా, దాన్ని చూడడానికని ఒక్కనాడూ పోలేదు. మా సంఘంలో నాట్లు వేసే ఆడవాళ్లదీ అంతే. తీరంలోనే పుట్టాము, తీరంలోనే పెరిగాము, తీరిక మాత్రం ఎరగము.

మినుము పీకుళ్లు అయిపోయి, చేతిలో పని లేని రోజుల్లో ఆరుగురం కూడబలుక్కున్నాం. ఒక్కరోజు సముద్రం వెంబడి ఒంగోలు దిక్కుగా పోయి రావాలి. మీటింగు లేదు, కరపత్రం లేదు, చందా పుస్తకం లేదు. ఒక మిత్రుడి తమ్ముడికి పాత వ్యాను వుంది. మనిషికి ఒక రోజు కూలి చొప్పున వేసుకుని డీజిలు కొట్టించాం. నాట్ల ముఠాని నడిపే మా పెద్దక్క పులిహోర కలుపుకొచ్చింది. వెంట ఒక 20 లీటర్ల నీళ్ల టిన్ను కూడా ఎక్కించింది. "ఎందుకక్కా ఇంత బరువు, దారిలో దొరకవా?" అన్నాను. "చూద్దువుగానిలే తమ్ముడూ" అంది. ఆ మాట నాకు రాత్రి ఇల్లు చేరేదాకా గుర్తుంది.

తెల్లవారుజామున 4 గంటలకి బందరులో బయలుదేరాం. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి 30 వేల మందిని మింగిన వూరు ఇది. అదే తీరాన కొత్త రేవు పనులు 2023లో మొదలుపెట్టారు. చల్లపల్లి చేరేటప్పటికి ఇంకా చీకటి. జమీందారు భూముల కోసం దివి తాలూకా కూలీలు చేసిన పోరాటం గురించి మాతో వచ్చిన పెద్దాయన చెబుతుంటే కుర్రాళ్లు నిద్రమత్తు వదిలి విన్నారు. మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా హంసలదీవి చేరేసరికి బాగా పొద్దెక్కింది. కృష్ణమ్మ పాయ సముద్రంలో కలిసే చోటు. మాఘ పౌర్ణమి జనం వచ్చి పోయారు. ఇసుక మీద మేమూ, పడవ బాగుచేసుకునే ఇద్దరు జాలర్లూ తప్ప ఎవరూ లేరు.

కుర్రాళ్లు పరుగెత్తి నీళ్లలో దిగారు. అక్క మాత్రం వ్యాను దిగి అక్కడే నిలబడింది. ఆమెది ఈ దివిసీమే. పెళ్లయి మా వూరు వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చిననాటికి ఆమెకి ఏడేళ్లు. ఆ తర్వాత ఇంతవరకూ ఈ ఒడ్డుకి రాలేదట. పాతికేళ్లు కలిసి పనిచేస్తున్నాం, ఈ సంగతి నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు.

"నాన్న నన్ను ఎత్తి తాటిచెట్టు మట్టల్లో కూర్చోబెట్టాడు. అమ్మ, చంటోడు కనపడలేదు" అని చెప్పింది. ఏడవలేదు. "నీళ్లు తీసిపోయాక చూస్తే చుట్టూ నీళ్లే. తాగడానికి చుక్క లేదు. చెరువులో శవాలు, బావిలో ఉప్పు. నాన్న ఎక్కడినుంచో రెండు కొబ్బరి బొండాలు తెచ్చాడు. నాకు ఒకటి తాగించి, రెండోది కూడా నాకే తాగించాడు."

సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి వూళ్ల మీద పడిందని పుస్తకాల్లో వుంది. చనిపోయినవాళ్లు 10 వేల మంది అని సర్కారు లెక్క. జనం లెక్క అంతకంటే పెద్దది. ఎక్కువగా పోయింది ఎవరు? పాకల్లో వున్నవాళ్లు. డాబా వున్నవాడు పైకెక్కాడు, పాక వున్నవాడు పాకతో కొట్టుకుపోయాడు. ఉప్పెనకి కులం, వర్గం లేవంటారు. ఇళ్లకి వున్నాయి గదా!

అక్క నెమ్మదిగా నడిచి నీళ్ల దగ్గరికి పోయింది. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "అదే ఉప్పు" అంది. వెనక్కి వచ్చి టిన్నులో నీళ్లు గ్లాసుడు తాగింది. అందరికీ ఆమే పులిహోర పెట్టింది.

మళ్లీ పులిగడ్డ వచ్చి, కృష్ణ మీద వారధి దాటి పెనుమూడి రేవులో దిగాం. రేపల్లె దాటాక రోడ్డుకి రెండు పక్కలా పొలం కనపడాలి. కనపడింది రొయ్యల చెరువులు. గట్ల మీద కరెంటు స్తంభాలు, నీళ్లలో గిరగిర తిరిగే ఏరేటర్లు, మూలన ఒక కాపలా గుడిసె. ఒక వూరి మొదట్లో వ్యాను ఆపాం. అప్పటికి టిన్ను అడుగంటింది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మని మంచినీళ్లు అడిగాం. అడిగినవాడికి నీళ్లు లేవనడం మన పల్లెల్లో ఎంత తప్పో మీకు తెలుసు. ఆమె సిగ్గుపడుతూ లోపలికి పోయి ఒకే ఒక్క చెంబు తెచ్చింది.

"ఏమనుకోమాకండయ్యా, కొనుక్కున్న నీళ్లు. బావి నీళ్లు గిన్నె కడగడానికి కూడా పనికిరావు. పాయలోంచి ఉప్పునీళ్లు తోడి చెరువులకి పెడుతున్నారు గదా, అయ్యన్నీ భూమిలోకి దిగె."

"మరి పనులో?" అని అక్క అడిగింది.

"పనులు యాడుండయ్యి తల్లీ!"

తిరిగి వ్యాను ఎక్కాక అక్క వేళ్ల మీద లెక్క కట్టింది. ఎకరం వరి నాటుకి పదిమంది ఆడవాళ్లం. రెండు కలుపులకి ఇంకో పదిమంది. ఆ పైన కోత, కుప్ప, నూర్పు. కోతని మిషను ఎత్తుకుపోయింది, అయినా నాటు మిగిలింది. చెరువులో నాటు లేదు, కలుపు లేదు. పది ఎకరాలకి కాపలా మనిషి ఒకడు, మేత చల్లే కుర్రాడు ఒకడు. పట్టుబడి రోజున బయటినుంచి ముఠా వచ్చి పట్టుకుపోతుంది. అంటే కూలి పోయింది, ఆపైన నీళ్లకి ఖర్చు తగిలింది. టిన్ను 20 రూపాయలు. ఇంటికి రోజుకొక టిన్ను అయితే నెలకి 600. లేని పని మీద వేసిన పన్ను ఇది.

చెరువు వేసిన ప్రతివాడూ పెద్ద ఆసామీ కాదు. కౌలుకి తీసుకుని అప్పుచేసి రొయ్య వేసిన చిన్నవాళ్లూ వున్నారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం పెంచగానే రేటు పడి వాళ్లూ విలవిల్లాడారు. కానీ ధర పడితే రైతు చెరువు ఎండబెట్టి మరో దారి చూసుకుంటాడు. ఉప్పెక్కిన బావిని పట్టుకుని వూరు ఎక్కడికి పోతుంది?

దీనికి చట్టం లేదా అంటే వుంది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సాగుభూములను, ఉప్పు మడులను, మడ అడవులను, వూరుమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదన్నది. పాడుచేసినవాడే నష్టం కట్టాలన్నది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, రిజిస్ట్రేషన్ల పద్ధతి పెట్టి, చెరువులకి దారి తెరిచింది. తీర్పు కాగితం మీద వుంది, ఉప్పు బావిలో వుంది.

మధ్యాహ్నం బాపట్ల మీదుగా సూర్యలంక చేరాం. అక్కడ మాత్రం కడుపారా ఆడుకున్నాం, దాచుకోవడం దేనికి! పెద్దాయన పంచె ఎగగట్టి అలలతో పోటీపడ్డాడు. అక్క కూడా మోకాళ్లదాకా దిగింది. రోజంతా వంగి నాటు వేసే మనిషి నిటారుగా నిలబడి సముద్రాన్ని చూస్తుంటే, ఏడాదికి ఒక్కరోజయినా ఇలాంటి రోజు మన కూలీలకి ఎందుకు వుండకూడదు అనిపించింది. సెలవు అనేది ఉద్యోగి సొత్తా? మనకి పని లేని రోజు వుంది గాని సెలవు రోజు లేదు. రెంటికీ చాలా తేడా.

చీరాలలో మాకు తెలిసిన నేత మిత్రుడు టీ ఇప్పించి విజయనగర్ కాలనీకి తీసుకుపోయాడు. చీరాలలో వూరు విడిచినవాళ్ల కథలు రెండున్నాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టమని ఇళ్లు వదిలి రామనగరులో పాకలు వేసుకున్నారు. అది పాఠ్యపుస్తకాల్లో వుంది. రెండోది కారంచేడు. తాగేనీటి చెరువును పాడుచేస్తున్నారని మాదిగపల్లె వాళ్లు అడిగారు. అడిగినందుకు 1985 జులై 17న భూస్వాములు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి పోరాడి కట్టుకున్నదే ఈ కాలనీ. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. ఆ వీధిలో నడుస్తుంటే మాలో ఎవరికీ మాట రాలేదు. పొద్దున్నించీ మేము వెతుకుతున్నది ఏమిటి? మంచినీళ్లే గదా! ఆ నీళ్ల కోసమే గదా వీళ్లు చచ్చిపోయింది!

పొద్దు వాలేవేళకి చినగంజాం ఉప్పుకొటార్ల దగ్గర ఆగాం. మడుల్లో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. టిన్నులో చుక్క లేదు. పాదాలు తెల్లగా పగుళ్లు బారిన ఒక కూలీ మమ్మల్ని చూసి, అడక్కుండానే నీడన గుడ్డ కప్పి పెట్టుకున్న క్యాను తెచ్చి ఇచ్చాడు. "వూళ్లోనుంచి మోసుకొస్తామండి. ఇక్కడ వుండేయన్నీ ఉప్పునీళ్లే" అన్నాడు. వద్దంటే వినలేదు. తలా రెండు గుక్కలు తాగాం.

ఒంగోలు పోదామన్న ఆశ అక్కడితో వదులుకుని వెనక్కి తిరిగాం. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. దారిలో అక్క నన్ను ఒక ప్రశ్న అడిగింది. "తమ్ముడూ, మన కోర్కెల కాగితంలో మంచినీళ్లు ఎన్నో నంబరు?" నేను చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పాత కాగితాలు తీసి చూశాను. కూలి ఒకటో నంబరు, ఇళ్ల స్థలాలు రెండో నంబరు. మంచినీళ్లు ప్రతి ఏడాదీ చివరి నంబరే, ఒక్కోసారి "మొదలగునవి"లో కలిసిపోయింది. ఆ కాగితాలు రాసింది నేనే. బిందె మోసేది నేను కాదు కాబట్టి అలా రాశాను.

వచ్చేవారం మా సంఘం సమావేశం వుంది. ఈసారి కాగితం అక్క చెబుతుంది, నేను రాస్తాను. వూరి చుట్టూ వున్న చెరువులకి అనుమతులున్నాయా లేవా, ఏయే బావులు ఎప్పుడు ఉప్పెక్కాయి, ఏ ఇంటికి నెలకి నీళ్ల ఖర్చెంత, గడప గడపకీ పోయి లెక్క తీస్తాం. ఆ లెక్క పట్టుకుని గ్రామసభలో కూర్చుంటాం. తీరం వెంబడి వున్న మిత్రులారా, మీ వూళ్లలోనూ ఈ లెక్క తీయండి. తీసేటప్పుడు బిందె మోసే మనిషిని ముందు అడగండి.