మన పాట మీద సభ

"ఈ సాయంత్రం గ్రంథాలయంలో సాహిత్య సభ. ప్రవేశం ఉచితం. అందరూ రండి."

గోడ మీద ఇలాంటి కాగితం మీరు చూసే ఉంటారు. ఇదివరకు అది మనకు ఉత్త కాగితం. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతున్నాం. చదివాక ఏమంటాం? "సాహిత్యమా? అది పెద్ద చదువులవాళ్లది. మనకెందుకమ్మా!" అంటాం. పనిలో పడిపోతాం.

ఆ మాట నిజమేనా? చూద్దాం.

సాహిత్యం ఎవరిది?

నాట్లు వేస్తూ పాడతాం. బిడ్డను ఊపుతూ జోల పాడతాం. తిరగలి విసురుతూ, వడ్లు దంచుతూ మన అమ్మమ్మలు పాడారు. ఈ పాటలు కట్టినవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. అయినా పాట నిలిచింది. తల్లి నోటి నుంచి కూతురి నోటికి వచ్చింది. ఇది కూడా సాహిత్యమే.

ఈ మాట విశ్వవిద్యాలయం కూడా ఒప్పుకుంది. విశ్వవిద్యాలయం అంటే అన్నిటికంటే పెద్ద చదువు చెప్పే చోటు. అక్కడ చదువు చెప్పడమే కాదు, తెలియని సంగతులు వెతికి తెలుసుకుంటారు. దాన్నే పరిశోధన అంటారు.

బిరుదురాజు రామరాజు గారు అలా వెతికిన మనిషి. వరంగల్ వైపు పల్లెలో పుట్టారు. ఊళ్లు తిరిగి జనం పాటలు సేకరించారు. వాటి మీదే 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పొందారు. ఇది మందులిచ్చే డాక్టరు పట్టా కాదు. పరిశోధన చేసినవారికి ఇచ్చేది. చూశారా, పల్లె పాటకు ఎంత విలువ ఉందో!

ఊర్మిళ పాట

వెల్చేరు నారాయణరావు గారు అమెరికాలో ఆచార్యులుగా పనిచేశారు. ఆడవాళ్లు పాడుకునే రామాయణం పాటల మీద 1991లో ఇంగ్లీషులో ఒక వ్యాసం అచ్చువేశారు.

ఈ పాటల్లో యుద్ధం కొంచెమే. పురుళ్లు, పెళ్లిళ్లు, వదినా మరదళ్ల పరాచికాలు ఎక్కువ. లక్ష్మణుడి భార్య ఊర్మిళ పాట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. భర్త అడవికి వెళ్లాడు. ఆమె పద్నాలుగేళ్లు నిద్రలోనే ఉంది. తిరిగి వచ్చిన భర్తను గుర్తుపట్టలేదు. ఎవరో పరాయివాడనుకుంది. పరాయి ఆడదాన్ని ఆశించినవాళ్లు ఏమయ్యారో చెప్పి హెచ్చరించింది.

మగవాళ్లు రాసిన కథలో ఊర్మిళ మాట వినపడదు. ఆడవాళ్ల పాటలో వినపడుతుంది. ఇంటి ఆడమనిషి బాధ, ధైర్యం ఈ పాటల్లో ఉన్నాయి. పరిశోధన చెప్పింది అదే.

సభ ఎందుకు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాట మన నోట్లో ఉంది. దాని మీద రాసిన పుస్తకం ఎక్కడో పట్నంలో, బీరువాలో ఉంది. అదీ ఇంగ్లీషులో ఉంటే మన చేతికి ఎలా వస్తుంది? ఈలోపు పిండిమర వచ్చింది. తిరగలి మూలన పడింది. దానితో పాటే పాటా పోతోంది. మన దగ్గర తీసుకున్నదాన్ని మళ్లీ మనకు చెప్పాలి కదా! అలా చెప్పే చోటే సభ.

ఉచితం అంటే దానం కాదు. సర్కారు విశ్వవిద్యాలయాలు జనం డబ్బుతో నడుస్తాయి. సబ్బు కొన్నా మనం పన్ను కడుతున్నాం. అందులో మన పైసా ఉంది.

సభలు ఎక్కడ జరుగుతాయి?

హైదరాబాదులో 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు వంటి సంస్థలు సాహిత్య సభలు పెడతాయి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజుల్లో మీ దగ్గరి గ్రంథాలయంలో అడగండి.

పొద్దుగూకాక సభ పెడితే వంట ఎవరు చేస్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు? నలుగురం కలిసి వెళ్లి అడుగుదాం. "మాకు వీలైన వేళ పెట్టండి. మా ఊరికే వచ్చి చెప్పండి" అందాం.

సభలో ఒకరు మాట్లాడతారు. తర్వాత ప్రశ్నలు అడగవచ్చు. అర్థం కాని మాట వస్తే "తేలికగా చెప్పండి" అనండి. అది తప్పు కాదు. "మా ఊళ్లో ఈ పాట ఇంకోలా పాడతాం" అని పాడి వినిపించండి. చెప్పేవారికి అది కొత్త సంగతి కావచ్చు. వాళ్లూ మన దగ్గర నేర్చుకుంటారు.

మీరు చేయండి

మీ ఇంట్లో పెద్దామె పాడే పాట ఒకటి అడిగి రాయండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు. పాట కింద ఆమె పేరు, ఊరి పేరు తప్పక రాయండి. ఇన్నాళ్లూ పాట మిగిలింది, పాడినామె పేరు మిగల్లేదు. ఇప్పుడు మనకు రాయడం వచ్చు.