అనకాపల్లి స్థలాల బజారు: మధ్యవర్తి ఎవరి మనిషి?

అనకాపల్లి: పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను ఇళ్ల స్థలాల ధరలు పైచూపు మీదనే ఉన్నవి. అమ్మేవారు చేయి బిగబట్టి కూర్చుంటున్నారు, కొనేవారు తొందరపడుతున్నారు. ఇటువంటి బజారులో బేరం కుదిర్చేది మధ్యవర్తి. బెల్లం సీజనులో మిగిలిన సొమ్మును స్థలాలలో పెట్టడం ఇక్కడి వర్తకులకు కొత్త కాదు. కాని, బెల్లం కమీషను వ్యాపారికీ, స్థలాల బ్రోకరుకూ ఉన్న తేడాను గమనించకుండా బేరంలోకి దిగి చేతులు కాల్చుకున్నవారు ప్రతి పేటలోను ఉంటారు.

ధరలు పెరగడానికి కారణాలు తెలిసినవే. 2013లో అనకాపల్లి మునిసిపాలిటీని మహా విశాఖ నగర పాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. కలెక్టరు కార్యాలయంతో పాటు ఉద్యోగులు, వారితో పాటు అద్దె ఇళ్లకు గిరాకీ వచ్చినవి. ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా ఇక్కడికి ఆరు వరసల రహదారి వచ్చింది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి అంతకు ముందే ఉన్నవి. 2025 జనవరి 8న నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ, పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికీ ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో విశాఖ ప్రాంతంలో డేటా కేంద్రం పెడుతున్నట్లు గూగుల్ కంపెనీ ప్రకటించింది. ఇలాంటి వార్త వెలువడిన ప్రతిసారీ, వార్తలోని ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఉన్న స్థలానికి కూడా మర్నాడు ఉదయానికే కొత్త రేటు పలుకుతుంది. శంకుస్థాపనకూ, మొదటి నెల జీతాలకూ మధ్య ఎన్నేళ్లు గడుస్తాయన్నది బ్రోకరు చెప్పే లెక్కలో ఉండదు.

బెల్లం యార్డులో సరుకు కళ్ల ముందు ఉంటుంది. రైతు దిమ్మలను పేర్చుతాడు. పాటదారు రంగు, గట్టిదనం చూసి వేలం పాడతాడు. తూకం అందరి ఎదుటా పడుతుంది. పట్టీలో కమీషను, కూలి వేరువేరుగా కనబడతాయి. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద కమీషను ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. స్థలాల బేరంలో వీటిలో ఒక్కటీ లేదు. వేలం లేదు, నిన్న పక్క స్థలం ఎంతకు పోయిందో పదిమందికీ తెలిసే మార్గం లేదు. దస్తావేజులో కనబడే ధర అసలు ధర కాకపోవచ్చు. ఆ తెలియనితనమే బ్రోకరు పెట్టుబడి.

కమీషను లెక్క

వాడుకలో కమీషను ఒక శాతం నుంచి రెండు శాతం దాకా ఉన్నది; చాలా బేరాలలో రెండు వైపులా పుచ్చుకోవడం ఆచారం. ఇందులో రహస్యం లేకపోతే తప్పు లేదు. అయితే ఈ శాతం లెక్క బ్రోకరును ఎటు నడిపిస్తుందో చూడవలసి ఉన్నది.

ఉదాహరణకు 200 గజాల స్థలం, గజం 18,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 36 లక్షలు. ఒక శాతం కమీషను 36,000. సొంతదారు నాలుగు నెలలు ఓపిక పట్టితే 19,000 రావచ్చు. అప్పుడు అతనికి అదనంగా వచ్చేది రెండు లక్షలు. బ్రోకరుకు అదనంగా వచ్చేది రెండు వేలు మాత్రమే. రెండు వేల కోసం నాలుగు నెలలు తిరిగే బ్రోకరు ఎవరుంటారు? 'ఇంతకన్నా రాదు, ఇచ్చేయండి' అని అతడు చెప్పే సలహాలో కల్లబొల్లితనం ఉండనక్కరలేదు. అతని లెక్కకు అది సరి అయిన సలహాయే.

ఇది ఇక్కడి వింత కాదు. అమెరికాలో షికాగో పరిసరాలలో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకునేటప్పుడు, ఖాతాదారుల ఇళ్లకంటె సుమారు 3.7 శాతం హెచ్చు ధర రాబట్టుకున్నారు. తొమ్మిది పది రోజులు ఎక్కువ ఆగారు. ఖాతాదారుకు చెప్పని ఓపికను తమ ఇంటికి మాత్రం వాడుకున్నారన్నమాట.

'మీదిది నాది'

పెరుగుతున్న బజారులో శాతం కమీషను కన్నా ఎక్కువగా వినబడేది మరో పద్ధతి. సొంతదారు తన చేతికి ఇంత రావాలంటాడు. ఆ పైన వచ్చినదంతా బ్రోకరుది. సొంతదారుకు ఇది సుఖంగా కనబడుతుంది. కమీషను ఇవ్వనక్కరలేదు కదా! పై లెక్కలోని స్థలమే గజం 20,000కు పోయిందనుకుంటే మొత్తం 40 లక్షలు. మధ్యలో మిగిలిన నాలుగు లక్షలు బ్రోకరువి. కొనుగోలుదారు నుంచి వేరే ఒక శాతం, అంటే 40,000 కూడా రావచ్చు. సొంతదారు మిగుల్చుకున్న కమీషను 36,000. బెల్లం బస్తా మీద రూపాయి తేడా వస్తే పట్టీని తిరగేసే వర్తకుడు స్థలం దగ్గరకు వచ్చేసరికి ఇంత ధారాళంగా ఎందుకు ఉంటాడో అర్థం కాదు.

ఈ పద్ధతిలో బ్రోకరు చేయవలసిన మొదటి పని, సొంతదారునూ కొనుగోలుదారునూ ఒకరికొకరు కనబడకుండా చూడడం. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, రిజిస్ట్రేషను రోజున తప్ప ముఖాముఖీ కానివ్వకపోతే మధ్యలో ఏదో మిగులు ఉన్నదని గ్రహించవచ్చు.

చట్టం ఏమంటున్నది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఏజెంటు యజమానికి తెలియకుండా తన సొంత లాభం కోసం ఆ వ్యవహారంలో దిగితే, ఆ లాభాన్ని యజమాని అడిగి పుచ్చుకోవచ్చు. ముఖ్య విషయం దాచినట్లయితే బేరాన్నే కాదనవచ్చు. అయితే 'మీదిది నీదే' అని యజమాని ముందే ఒప్పుకున్నచోట ఈ రక్షణ చాలావరకు పోతుంది. కాబట్టి ఆ మాట అనేముందు ఆలోచించాలి. అనక తప్పకపోతే పై మొత్తానికి ఒక హద్దు పెట్టి, హద్దు దాటినదానిలో వాటా రాసుకోవడం మేలు.

బ్రోకరును తప్పించితే?

తగాదా ఒకవైపు నుంచే రాదు. బ్రోకరు చూపించిన స్థలాన్ని, అతన్ని వదిలివేసి, నేరుగా సొంతదారుతో మాట్లాడుకుని కొనేవారు తక్కువ కాదు. ఈ సందర్భంలో 1950లో సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు గుర్తు చేసుకోదగినది. కలకత్తాలో అమరతల్లా వీధిలోని ఇంటిని లక్ష రూపాయలకు తగ్గకుండా అమ్మిపెట్టమని యజమాని బ్రోకరుకు నెల రోజుల గడువుతో ఉత్తరం రాసి ఇచ్చాడు. ధర పెరిగినకొద్దీ ప్రతిఫలం ఎంతో కూడా అందులో ఉన్నది. బ్రోకరు 1,10,000కు బేరం కుదిర్చాడు. యజమాని మాత్రం ఆ కొనుగోలుదారుల తరఫు వారికే 1,05,000కు నేరుగా అమ్మివేశాడు. కొనేందుకు సిద్ధంగా ఉన్న మనిషిని తెచ్చి బేరం కుదిర్చిన తర్వాత, యజమాని తన వీలుకొద్దీ ధర తగ్గించి అమ్ముకున్నంత మాత్రాన బ్రోకరు హక్కు పోదని కోర్టు భావించింది.

ఈ కేసులో బ్రోకరును గెలిపించినది ఆ ఉత్తరం. ఎంత ధరకు, ఎన్నాళ్లలో, ఏ పని ముగిస్తే, ఎంత అన్న నాలుగు మాటలు కాగితం మీద ఉన్నవి. ఇక్కడి బ్రోకర్లలో ఎంతమంది దగ్గర అటువంటి కాగితం ఉన్నది? రాతకోతలు లేనప్పుడు, అప్పగించిన పని పూర్తి అయితే తప్ప ఏజెంటుకు ప్రతిఫలం రాదన్నది కాంట్రాక్టు చట్టంలోని సాధారణ సూత్రం. ఆ పని మనిషిని తీసుకురావడమా, అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. అమెరికాలో కూడా పెద్ద వ్యాజ్యం తర్వాత 2024 ఆగస్టు నుంచి, ఇల్లు చూపించక ముందే కొనుగోలుదారుతో ఏజెంటు తన రుసుము సంగతి రాసుకోవలసి వచ్చింది.

చేతులు మారే అగ్రిమెంటు

ధరలు ఎక్కుతున్నప్పుడు కొందరు బ్రోకర్లు బ్రోకర్లుగా ఉండరు, తామే కొనుగోలుదారులవుతారు. 36 లక్షల స్థలానికి మూడు లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటారు. అందులో 'నేను గాని, నేను చూపించినవారు గాని' అన్న మాట ఉంటుంది. గడువులోగా గజం 19,500 చొప్పున మరొకరిని తెస్తే మొత్తం 39 లక్షలు. పెట్టిన మూడు లక్షలకు మూడు లక్షల లాభం. మధ్యలో రిజిస్ట్రేషను జరగదు కనుక, స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి దాదాపు ఏడున్నర శాతం ఖర్చు తప్పుతుంది.

బెల్లంలో ముందస్తు బేరాలు ఎరిగినవారికి ఈ ఆట కొత్తగా ఉండదు. ధర ఎక్కుతున్నంతకాలం అందరూ గెలుస్తారు. ఒక్కసారి గిరాకీ ఆగితే ఆఖరు మనిషి దగ్గర కాగితం మిగిలిపోతుంది. ఆ కాగితం మీద సొంతదారు సంతకం ఉండకపోవచ్చు, మధ్యవాడి సంతకమే ఉండవచ్చు. అటువంటి సంతకంతో స్థలం రాదు. జనరల్ పవరు పట్టాతో జరిపిన అమ్మకం వల్ల హక్కు సంక్రమించదని 2011లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అగ్రిమెంటు కొనేవారు సొంతదారును స్వయంగా కలిసి, అతడిని కూడా సంతకందారుగా చేర్చుకోవాలి.

దీనికి ఎదురు బాధ కూడా ఉన్నది. బయానా తీసుకున్న సొంతదారే, ధర పెరిగిందని వెనక్కు తగ్గవచ్చు. 2018 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన సవరణ తర్వాత, ఒప్పందాన్ని అమలు జరిపించమని కోరే హక్కు కొనుగోలుదారుకు గట్టిపడింది. అయితే మిగతా సొమ్ముతో తాను సిద్ధంగా ఉన్నట్లు చూపుకోవలసి ఉంటుంది. దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉన్నది.

గజం, సెంటు

కొలతల దగ్గర జరిగే నష్టం చాలామంది గమనించరు. సెంటుకు 48.4 చదరపు గజాలు. అయిదు సెంట్లు అంటే 242 గజాలు. సెంటుకు 48 అని గుండు లెక్క వేస్తే 240. గజం 18,000 చొప్పున అమ్మేవానికి 36,000 పోయినట్లే. అదే కొనేవాడి దగ్గర సెంటుకు 50 అని చెప్పితే 250 గజాలు. లేని ఎనిమిది గజాలకు 1,44,000 చెల్లించినట్లు. బేరం సెంట్లలో మొదలుపెట్టి గజాలలో ముగించే బ్రోకరు దగ్గర కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోవడం మంచిది.

లేఅవుట్ల విషయం వేరు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని చేసే ప్రాజెక్టును నమోదు చేయాలి. ఆ ప్రాజెక్టులో అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదై ఉండాలి. నమోదు కాని ప్రాజెక్టును అమ్మజూపకూడదు. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా పది శాతం మించి ముందుగా వసూలు చేయకూడదు. ఏజెంటు తప్పు చేస్తే రోజుకు పదివేల చొప్పున జుల్మానా ఉన్నది. కాని, పాత ఇంటిని, ఒంటి స్థలాన్ని చేతులు మార్పించే బ్రోకరుకు ఈ చట్టం వర్తించదు. అనకాపల్లిలో వర్తకులు చేసే బేరాలలో ఇటువంటివే హెచ్చు. అక్కడ బ్రోకరు ముఖం తప్ప మరో హామీ లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా: లింకు దస్తావేజులు, ఇ.సి., 22-ఎ నిషేధిత జాబితా, లేఅవుటు అయితే అనుమతి నంబరు. వీటిని చూపించవలసినది బ్రోకరే అయినా, చూడవలసినది కొనేవాడి వకీలు. శారదా నది ఒడ్డున, గెడ్డల పక్కన, చెరువుల కింద ఉన్న స్థలాలు జిరాయితీవా, పోరంబోకువా అన్నది సర్వే నంబరుతో తేల్చుకోవాలి. డి పట్టా భూములు మరింత చిక్కు. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది; ఇరవై ఏళ్లు దాటినవాటికి 2023లో దారి తెరిచినా, 2024లో ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లను నిలుపు చేసింది. 'రేపో మాపో తెరుచుకుంటుంది' అన్న మాట మీద డి పట్టాకు బయానా ఇవ్వడం జూదం.

ఇక నగదు. స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడే నిబంధన 2015 నుంచి ఉన్నది. 50 లక్షలు, ఆపై బేరాలలో కొనేవాడు ఒక శాతం పన్ను మినహాయించి కట్టాలి. రిజిస్ట్రేషను విలువకూ అసలు ధరకూ మధ్య సొమ్మును చీకట్లో ఇచ్చినవాడు, బేరం చెడితే కాగితం మీద ఉన్నంతే అడగగలడు. ఆ నగదును చేతికి అందుకునేది తరచు బ్రోకరే కావడం గమనార్హం. అందుకు రశీదు ఉండదు.

ఇద్దరు బ్రోకర్ల దగ్గర వేరువేరుగా రేటు విచారించడం, పక్క సర్వే నంబరులో ఇటీవలి దస్తావేజు ఏ ధరకు రాశారో చూడడం, ఆ రేటు మీద అసలు ఎంత పలికిందో ఇరుగుపొరుగును అడగడం అరపూట పని. కమీషను ఎంతో, ఎవరెవరి దగ్గరో, ఎప్పుడో ఒక కాగితం మీద రాసుకుని, సగం అగ్రిమెంటు నాడు, మిగతా సగం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుకు నంబరు పడిన తర్వాత చెక్కు ద్వారా ఇచ్చే ఏర్పాటుకు, పని మీద నమ్మకమున్న బ్రోకర్లు అభ్యంతరం చెప్పడం లేదు.