బీరువాలో దాచిన నోటు పుస్తకం

గత సంవత్సరం పరీక్షలకు మూడు నెలల ముందు మేము మా అబ్బాయి నోటు పుస్తకం ఒకటి లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాం. వాడప్పుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఫిజిక్స్ నోట్సు అనుకొని తెరిచి చూస్తే పేజీ నిండా గళ్లు, గళ్లలో బొమ్మలు, బొమ్మల నోటి దగ్గర బుడగల్లో మాటలు. ఫోను తీసి చూస్తే జపాను వారి బొమ్మల సినిమాలు. ఇది చాలదన్నట్లు రాత్రి పదకొండు గంటలకు దుప్పటి ముసుగు వేసుకొని, లోపల కూనిరాగాలు తీస్తూ ఫోనులో రికార్డు చేసుకుంటున్నాడు. అంతకు ముందు ఆదివారమే సంఘంలో ఒక పెద్దాయన, "పాస్టరు గారూ, మీవాడు ఇంకా బొమ్మల పుస్తకాలే చూస్తున్నాడటగా!" అని నవ్వారు. ఆ నవ్వు మాకు ముల్లులా గుచ్చుకొని ఉంది. ఆ కోపమంతా పిల్లవాడి మీద చూపించాం.

వాడు ఎదురు చెప్పలేదు. పుస్తకం ఇచ్చేశాడు. ఆ రోజు నుండి ఇంట్లో కూనిరాగం ఆగిపోయింది. పెడితే తింటాడు, పిలిస్తే పలుకుతాడు, చదవమంటే పుస్తకం ముందు కూర్చుంటాడు. మేము కోరుకున్నది అదే గదా! అయినా పది రోజులు గడిచేసరికి ఆ నిశ్శబ్దం మాకే భారమైంది.

ఒక రాత్రి వాడు నిద్రపోయాక బీరువా తెరిచి ఆ పుస్తకం మొదటి నుండి చదివాం. అది మా ఇంటి కథే. వాళ్ల తాతగారు మంచం పట్టిన చివరి నెల రోజుల కథ. పెరటిలో జామచెట్టు, తాతగారి చేతికర్ర, కిటికీలో మందు సీసాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్లే వేశాడు. అందులో మేమిద్దరమూ ఉన్నాం. ఒకరు పొయ్యి వైపు తిరిగి, ఒకరు వాకిట్లో బండి తీస్తూ. ముప్ఫై పేజీల్లో ఎక్కడా మా ముఖాలు లేవు. వీపులే ఉన్నాయి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాం. వాడు మా వైపు అనుమానంగా చూసి, "తెలుసుకోవడానికా డాడీ, మళ్లీ తిట్టడానికా?" అన్నాడు. తెలుసుకోవడానికే అన్నాం. వాడు చెప్పినవి, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నవి ఇక్కడ మీతో పంచుకుంటున్నాం.

మనకు కొత్త సంగతి కాదు

బొమ్మల కథ అనగానే మనం ముఖం చిట్లిస్తాం గాని, మనం పెరిగింది వాటితోనే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామను ఎంత ఆత్రంగా చదివేవాళ్లం! వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలను, శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మను మరచిన వారెవరు? 1964 నుండి 1990 వరకు వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్, మాండ్రేక్ మనకు బాగా పరిచయం. 1967లో అనంత్ పాయ్ గారు మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ పుస్తకాన్ని పాఠ్యపుస్తకం మధ్యలో దాచి చదివిన వారు ఈ వ్యాసం చదివే వారిలో తప్పక ఉంటారు.

జపాను బొమ్మల సినిమా కూడా మనకు కొత్త కాదు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం వచ్చిన జంగిల్ బుక్ జ్ఞాపకముందా? అది జపానులో నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో తీసిన ధారావాహిక. హిందీ పాట ఒకటి కలిపి మనకు చూపించారు. ఆ పాట పక్కింట్లో నుండి వినబడుతుంటే ఆదివారపు ఆరాధనకు బయలుదేరడం ఎంత కష్టమో ఆనాటి పిల్లలకే తెలుసు! మోగ్లీ జపాను నుండి వచ్చాడని మాత్రం మనకు తెలియదు. ఇప్పుడు ఆ దేశపు బొమ్మల సినిమాలను యానిమే అని, బొమ్మల కథల పుస్తకాలను మాంగా అని పిల్లలు పిలుస్తున్నారు.

ఆ దేశంలో ఈ కళను ఇంటింటికీ చేర్చిన వారిలో ముఖ్యుడు ఒసాము టెజుకా. 1928లో పుట్టాడు. చందమామ పుట్టిన 1947లోనే ఆయన బొమ్మల కథ "కొత్త నిధి దీవి" అచ్చయి పేరు తెచ్చింది. అప్పటికి ఆయన వైద్య విద్యార్థి. వైద్యమా, బొమ్మలా అని తేల్చుకోలేక తల్లిని అడిగితే, "నీకు ఏది ఇష్టమో అదే చెయ్యి" అన్నదని ఆయన చెప్పుకున్నాడు. ఆయన చదువు పూర్తి చేసి వైద్యుడిగా అర్హత సంపాదించాడు. ఆ తరువాత కూడా బొమ్మలే వేశాడు.

1963 జనవరి 1న ఆయన తీసిన ఆస్ట్రో బాయ్ టెలివిజన్‌లో మొదలైంది. సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. వారం వారం అన్ని బొమ్మలు వేయడానికి డబ్బూ మనుషులూ చాలరు. అందుకని ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములకు వాడి, సెకనుకు 8 బొమ్మలతో సరిపెట్టే పద్ధతిని బాగా ఉపయోగించారు. మా అబ్బాయి మాకు అదే నేర్పాడు. నోటు పుస్తకం మూలల్లో బంతి కిందపడే బొమ్మలు వరుసగా వేసి, పేజీలు గబగబా వదలమన్నాడు. మేము 16 బొమ్మలు వేసేసరికి మెడ పట్టేసింది. బంతి కదిలింది రెండే సెకన్లు! వాడి ఓపిక ఎంతటిదో అప్పుడు అర్థమైంది.

అందరూ పాల్గొనేవారే

మా అబ్బాయి చెప్పిన వాటిలో మాకు బాగా నచ్చింది కామిక్ మార్కెట్ అనే సంత. 1975 డిసెంబరు 21న టోక్యోలో ఒక హాలులో మొదటిసారి జరిగింది. సొంతంగా బొమ్మల పుస్తకాలు తయారు చేసుకొనే బృందాలు 32 వచ్చాయి. వచ్చిన జనం సుమారు 700 మంది. ఇప్పుడది ఏటా రెండుసార్లు జరుగుతుంది, లక్షల మంది వస్తారు. 2019 డిసెంబరులో నాలుగు రోజులకు కలిపి 7 లక్షల 50 వేల మంది వచ్చారు.

అక్కడ అమ్మేవారిలో చాలామంది ఉద్యోగస్తులు, విద్యార్థులు. రాత్రుళ్లు కూర్చొని బొమ్మలు వేసి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకొని, బల్ల మీద పెట్టుకొని నిలబడతారు. చాలామందికి అచ్చు ఖర్చులు కూడా తిరిగి రావు. ఇంట్లో తయారు చేసిన పాటల సీడీలు కూడా ఆ బల్లల మీద ఉంటాయి. సంత నడిపేవారు స్వచ్ఛందంగా పనిచేసేవారే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: ఆ సంతలో "ఖాతాదారుడు" అనే మాట వాడరు. వేసినవాడు, కొన్నవాడు, వరుసలు సరిచేసేవాడు, అందరినీ ఒకే మాటతో పిలుస్తారు. పాల్గొనేవారు అని. చూసి వెళ్లిపోయేవాడంటూ అక్కడ ఎవరూ లేరు.

ఈ మాట విన్నప్పుడు మాకు ఆ ముప్ఫై పేజీలు జ్ఞాపకం వచ్చాయి. మా అబ్బాయి ఆటలో మేము పాల్గొనలేదు. కనీసం చూడనూ లేదు. తాళం వేసినవారిగానే ఉన్నాం.

ఇంట్లో పుట్టిన పాట

పాట సంగతికి వద్దాం. ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే పట్నంలో స్టూడియో, గంటల లెక్కన అద్దె. 1979లో టాస్కామ్ అనే జపాను కంపెనీ పోర్టాస్టూడియో అనే చిన్న పెట్టె తెచ్చింది. మామూలు క్యాసెట్టు మీదనే నాలుగు వరుసలుగా శబ్దాలు ఎక్కించవచ్చు. ముందు గిటారు, దాని మీద పాట, దాని మీద మరొక గొంతు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో ఇంట్లో కూర్చొని అలాంటి పెట్టె మీద పాడుకున్నవే నెబ్రాస్కా అనే ఆల్బముగా విడుదలయ్యాయి. ఈనాడు ఆ సౌకర్యం చేతిలోని ఫోనులోనే ఉంది. దుప్పటి ముసుగు రహస్యం కూడా మాకు తెలిసింది. ఖాళీ గోడలకు గొంతు తగిలి ప్రతిధ్వనిస్తుంది. మందపాటి గుడ్డ ఆ ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది. మేము దొంగతనం అనుకున్నది వాడి స్టూడియో!

గొంతు లేనివారు కూడా పాట చేయగల మార్గం 2007 ఆగస్టు 31న వచ్చింది. సపోరో నగరంలోని క్రిప్టన్ కంపెనీ, యమహా వారి పరిజ్ఞానంతో హత్సునే మికు అనే గాత్ర సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. సాకి ఫుజితా అనే నటి గొంతులోని చిన్న చిన్న ధ్వనులను అందులో దాచారు. స్వరమూ మాటలూ మనం రాసిస్తే అది పాడుతుంది. ఒకరు పాట కట్టారు, ఎక్కడో ఉన్న మరొకరు దానికి బొమ్మ వేశారు, ఇంకొకరు ఆ బొమ్మను కదిలించారు. ఇలా బొమ్మల కథ, బొమ్మల సినిమా, ఇంటి పాట మూడూ ఒకచోట కలిశాయి.

1991లో పుట్టిన కెన్షి యోనెజు చిన్నప్పుడు బొమ్మల కథలు వేయాలని కలలు కన్నాడు. 2009 నుండి హచీ అనే మారుపేరుతో ఇలాంటి పాటలు చేసి, బొమ్మలు కూడా తానే వేసుకొనేవాడు. 2012లో సొంత పేరుతో, సొంత గొంతుతో పాడాడు. 2018లో ఆయన పాట "లెమన్" జపాను అంతటా మారుమోగింది. అందరు పిల్లలూ యోనెజులు కారు, కానవసరం కూడా లేదు. తాతగారి జ్ఞాపకాన్ని ముప్ఫై పేజీల్లో నిలుపుకోగలిగితే అది చాలదా?

జాగ్రత్తలూ ఉన్నాయి

తల్లిదండ్రులు కళ్లు మూసుకొని ఉండమని మేము చెప్పడం లేదు. బొమ్మ ఉంది కాబట్టి పిల్లలదే అనుకోవడం పొరపాటు. జపానులో చిన్నపిల్లలకు, బాలురకు, బాలికలకు, పెద్దలకు వేరువేరుగా మాంగా పత్రికలు ఉన్నాయి. పెద్దలకు వేసినది పిల్లల చేతికి రాకుండా, ఏ వయసు వారికని చూసుకోవాలి. అందుకు సులువైన మార్గం పక్కన కూర్చొని ఒక భాగం చూడడమే. మన కుటుంబాలకు పరిచయమైన బైబిలు కథల సూపర్‌బుక్ మొదట 1981లో జపానులోని టాట్సునోకో స్టూడియోలో తయారైనదే. టెజుకా కూడా తన చివరి సంవత్సరాల్లో ఇటలీ వారి టెలివిజన్ సంస్థ కోసం పాత నిబంధన కథలకు పూనుకున్నాడు. 1989లో ఆయన మరణించాక ఆయన సంస్థ పూర్తి చేసింది. కాబట్టి కళను తప్పు పట్టకండి. కథను చూసి నిర్ణయించండి.

మా ఇంట్లో మూడు నియమాలు పెట్టుకున్నాం. రాత్రి పదింటికి అందరి ఫోనులూ, మావి కూడా, హాలులో బల్ల మీద ఉండాలి. ఇతరులు కష్టపడి చేసినదాన్ని తనదని చెప్పుకోకూడదు. మొదలుపెట్టిన బొమ్మగాని, పాటగాని చిన్నదైనా సరే పూర్తి చేయాలి. ఈ మూడవది వాడే చెప్పాడు. పది సంగతులు చూడడం కన్నా ఒకటి చేయడం కష్టం, మేలు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మేము క్షమించమని అడిగాం. కన్నబిడ్డను అలా అడగడం మాకు అలవాటు లేని పని. మాట పెగలడానికి కాస్త సమయం పట్టింది. వాడు తల వంచుకొని, "ఫరవాలేదు డాడీ" అన్నాడు. పరీక్షలు పాసయ్యాడు. మార్కులు మేము ఆశించినన్ని రాలేదు. బొమ్మలు లాక్కున్న ఆ పది రోజుల్లో చదువు పెరిగిందీ లేదు. ఇప్పుడు డిగ్రీలో చేరాడు.

శనివారం సాయంత్రాల్లో మా ఇల్లే స్టూడియో. వాళ్లమ్మ పాడుతుంది, చెల్లెలు స్టీలు గిన్నె మీద తాళం వేస్తుంది, మాకు చప్పట్ల పని ఇచ్చాడు. తాళం తప్పితే మళ్లీ మొదటి నుండి! కిందటి నెల కొత్త కథ మొదలుపెట్టాడు. మొదటి పేజీలో మేమిద్దరమూ ఎదురుగా తిరిగి ఉన్నాం. ఒకరి ముక్కు మాత్రం ఉన్నదానికన్నా కాస్త పెద్దగా వేశాడు. మేము అభ్యంతరం చెప్పలేదు.

ప్రియ చదువరులారా, మీ ఇంట్లో కూడా తాళం వేసిన పుస్తకం ఏదైనా ఉంటే, ఈ రోజే తీసి, పిల్లల పక్కన కూర్చొని చదవండి.