ఫ్యాక్టరీ వచ్చిన చోటు, రాని చోటు

మీ చేతిలో ఉన్నది శాంసంగ్ ఫోనైతే దాని డబ్బా మీద ఒకసారి చూడండి, ‘మేడ్ ఇన్ వియత్నాం’ అని ఉండొచ్చు.

అంతా సర్కారే నడిపిన ఆ దేశం 1986లో ‘దోయ్ మోయ్’ పేరుతో దారి మార్చుకుంది. మరుసటి ఏడాదే విదేశీ పెట్టుబడి చట్టం తెచ్చింది. అప్పట్లో దేశంలోనే అతి చిన్న ప్రావిన్సు బాక్ నిన్. హనోయ్ పక్కనే ఉంటుంది. 2009లో అక్కడ శాంసంగ్ ఫోన్ల తయారీ మొదలైంది. వరి పొలాల చోటు ఎగుమతుల కేంద్రమైంది. రోడ్డు, పోర్టు, ఎయిర్‌పోర్టు దగ్గరున్న చోటికే డబ్బు పోయింది. కొండ ప్రాంతాలకు అంతగా పోలేదు. అక్కడి పిల్లలే బస్సెక్కి వచ్చి ఫ్యాక్టరీ పక్క అద్దె గదుల్లో ఉంటున్నారు. ఆ గదులెలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

మరి జీతం? విదేశీ కంపెనీల్లో కనీస వేతనం 1999 నుంచి పెరగలేదు, ధరలు మాత్రం పెరిగాయి. 2005 చివర్లో హో చి మిన్ నగరంలోని లిన్ ట్రుంగ్ ఎగుమతి జోన్‌లో కార్మికులు, సంఘం పిలవకుండానే, పని ఆపేశారు. సమ్మె చుట్టుపక్కలకూ పాకింది. 2006 ఫిబ్రవరి నుంచి ఆ నగరంలో, హనోయ్‌లో 6,26,000 డాంగ్‌ల వేతనం 8,70,000 అయింది. లెక్కేస్తే దాదాపు 39 శాతం. పెట్టుబడి తనంతట తాను పెంచింది కాదది.

ఇప్పుడక్కడ నాలుగు ప్రాంతాలకు నాలుగు కనీస వేతనాలు. 2024 జులైలో మొదటి ప్రాంతానికి నెలకు 49,60,000 డాంగ్‌లు, నాలుగోదానికి 34,50,000. ఖర్చులను బట్టి పెట్టామంటారు. నాకైతే ఇది సగమే నిజమనిపిస్తుంది. అద్దె తక్కువే గానీ, నాలుగో ప్రాంతం మనిషికి మోటారు సైకిలు ఎవరూ తగ్గించి అమ్మరు. కుట్టు ఫ్యాక్టరీలు కొన్ని ఆ చౌక చోట్లకే జరుగుతున్నాయి.