మునగాల జాబులు - యంత్రముతో వెదకులాట

సూర్యాపేట నుండి కోదాడకు పోవు రహదారిపై, ఆ రెండూళ్ళ నడుమ మునగాల యున్నది. నేడది ఒక మండల కేంద్రము. బస్సు అచ్చట నిలుచునది కొద్ది నిమిషములే. కాని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో, తెలుగున విజ్ఞాన గ్రంథములు వెలువడవలెనని తపించిన వారికి ఈ యూరు ముఖ్యమైన చిరునామా. సంస్థానాధిపతి రాజా నాయని వెంకట రంగారావు గారి కడ దివానుగా నుండిన కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావు పంతులు గారి చిరునామా యది.

1906లో హైదరాబాదున వెలసి, పిదప మద్రాసు చేరిన విజ్ఞాన చంద్రికా మండలికి పంతులు గారే ప్రాణము. రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రభృతులు సహచరులు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను మహాకార్యమును తలకెత్తుకొని, అది ముగియకమునుపే 1923లో ఆయన కన్నుమూసిరి. రచయితలొక యూర, అచ్చుకూట మొక యూర, చందాదారులు నూరూళ్ళ నుండగా ఇట్టి పని జాబులు లేక సాగునది కాదు. ఏ గ్రంథ మెవరిచే వ్రాయింపవలెను, ఏ శాస్త్రపదమునకు ఏ తెలుగుమాట పొసగును, కాగితమునకు సొమ్మెవరిత్తురు - వీని చరిత్ర పీఠికలలో కంటె జాబులలోనే ఎక్కువ.

ఒక రచయిత జాబులన్నింటిని కంప్యూటరున కెక్కించి, మాట యొకటి చెప్పగానే అది వచ్చిన జాబులన్నియు చూపు ఏర్పాటు ఇతర దేశములలో నెన్నడో జరిగినది. డార్విను వ్రాసినవియు, ఆయనకు వచ్చినవియు పదిహేనువేలకు పైబడిన లేఖలను కేంబ్రిడ్జి పండితు లిట్లే సమకూర్చిరి. వాన్ గో చిత్రకారుని 902 లేఖలు 2009 నుండి అందరికి అందుబాటులో నున్నవి. మిర్యాలగూడ విద్యార్థి చేతి ఫోనులోనే వానిని వెదకగలడు. మనకు బ్రౌను దొర లేఖల కొఱకు బంగోరె మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారమున పుటపుటయు తిరుగవేయవలసి వచ్చెను. అట్టి ఓపిక గలవా రెందఱు?

అట్టి సాధనమునే మునగాల జాబులకు కల్పింపబూనినచో మొదటి చిక్కు పంతులు గారి పేరుతోనే. ఒకరు కొమఱ్ఱాజు అని బండి ఱకారముతో వ్రాయుదురు. మఱొకరు కొమర్రాజు అందురు. ఆయన వ్యాససంపుటి పేరే లక్ష్మణరాయ వ్యాసావళి. అచ్చట రావు కాస్త రాయ డైనాడు. యంత్రమునకు ఇది యంతయు ఒక్క మనిషియే యని తెలియదు. సంధి సంగతి చెప్పనే యక్కరలేదు. 'లక్ష్మణరావు' అని వెదకినచో 'లక్ష్మణరావే' అన్నచోటు దొరకదు, కడపటి అక్షరము మారినది కదా. 'పంతులు' అని వెదకిన 'పంతులవారు' తప్పించుకొనును. ఇంగ్లీషువారి కొఱకు చేసిన సాధనమును తెచ్చి తెలుగున కంటించిన పని జరుగకుండుట కిదే కారణము. పైగా నాగపురమున చదివిన పంతులు గారికి మరాఠీ, ఇంగ్లీషు సైతము కలము క్రింది భాషలు. మూడు భాషలలో వెదకనిదే మనిషి పూర్తిగా కనబడడు.

రెండవ చిక్కు తేదీలది. ఈ ప్రాంతమున నిది మఱింత క్లిష్టము. నాడు మునగాల పరగణా బ్రిటిషువారి కృష్ణా జిల్లాలోనిది. చుట్టును నిజాం సీమ. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాం రాజ్యమున నుండెను; ఆ రాజ్యపు తపాలా వేరు, బిళ్ళలు వేరు, లెక్కించు సంవత్సరము సైతము వేరు. సూర్యాపేట నుండి వచ్చిన జాబుపై 1316 ఫసలీ యని యుండవచ్చును. దానికి 590 కలిపిన 1906 వచ్చును. కాని ఆ రాజ్యమున ఫసలీ అక్టోబరులో మొదలగుటచే, జనవరి దాటిన జాబునకు 591 కలుపవలెను. ఇంటి పెద్దలు పరాభవ యని మాత్రమే వ్రాసి యూరకుందురు. పరాభవ 1906లోను వచ్చినది, 1966లోను వచ్చినది. ఈ మూడు లెక్కలు నేర్పని యంత్రము జాబులను కాలక్రమమున పేర్చజాలదు. పేర్చనిచో ఏ ప్రశ్నకు ఏది జవాబో తెలియదు.

ఇంత శ్రమకు తొలుతనే పూనుకొన నక్కరలేదు. బెర్లిను అకాడమీవారు 2014లో ఆరంభించిన లేఖాసూచి జాబుల పూర్తిపాఠము నడుగదు. వ్రాసిన దెవరు, ఎవరికి, ఎచ్చటినుండి, ఎప్పుడు - ఈ నాలుగు ముక్కలతోనే వేర్వేరు సంపుటములలోని లేఖలను కలిపి చూపును. ఈ పని సూర్యాపేటలోనో కోదాడలోనో ఒక కళాశాల తెలుగు శాఖ చేయగలదు. దీపము వెలిగించి డిజిటల్ గ్రంథాలయము ప్రారంభించుట కంటె ఇది చవుక, ఉపయోగకరము.

పంతులు గారి జాబులు మాత్రమే కావు. 1934లో సురవరము ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించినపుడు, ఎందఱో పల్లెపట్టుల కవులతో ఆయనకు సంబంధ మేర్పడినది. అట్టి కవుల మనుమలు, మునిమనుమలు నేడీ పట్టణముల కాపురముండుట సహజము. పాత యిల్లు పడగొట్టునాడు పెట్టెలోని కాగితములు కిలోల లెక్కన పాతసామానుల వానికి పోవుచున్నవి, మిగిలినవి చెదలకు. వెదకు యంత్ర మెంత గొప్పదైనను దాని లోనికి రాని జాబును చూపలేదు.

ఎవరింట నైన అట్టి కట్ట యున్నచో దానిని విప్పి వరుస మార్చరాదు. కట్టినవారి వరుసయే కొన్నిచోట్ల తేదీ చెప్పును. గుండుసూదులు తుప్పు పట్టించును గాన తీసివేయవలెను. కార్డునకు రెండు వైపులను ఫోటో తీయవలెను. అక్షరములు వెలిసినను చిరునామా వైపున తపాలా ముద్ర నిలిచియుండవచ్చును. కవరు నిరర్థకమని చింపి పాఱవేయరాదు. లోపలి కాగితముపై తేదీ లేనప్పుడు దిక్కు ఆ కవరే.