నాలుగు అంకెలు

దేశాంతర వర్తకము చేయువానికి ధనము, ఓడ, సరకు ఉన్నంత మాత్రమున చాలదు. తాను కాలు మోపిన నేలయందలి జనుల మనస్సును గూడ అతడు తెలిసికొనవలెను. ఈ సత్యమును తెలుపు వృత్తాంత మొకటి జపాను దేశ చరిత్రయందు కలదు.

17వ శతాబ్దమున డచ్చి వర్తకులు తూర్పు సముద్రములయందు విరివిగా వ్యాపారము సాగించిరి. మన మచిలీపట్నమునందును వారికి వర్తకస్థానముండెను. జపానులోని హిరాడో ద్వీపమున వారు 1639వ సంవత్సరమున రాతితో గొప్ప గిడ్డంగిని నిర్మించి, తమ దేశాచారము ననుసరించి దాని ముఖభాగమున ఆ సంవత్సరమును చెక్కించిరి. ఐరోపాలో అది కట్టడము వయస్సును తెలుపు గుర్తు మాత్రమే. జపాను పాలకులకు అట్లు తోచలేదు. క్రైస్తవమతము వలన తమ రాజ్యమునకు ముప్పు వాటిల్లునని భయపడి వారు దానిని నిషేధించియుండిరి. ఆ యేడే పోర్చుగీసువారిని దేశమునుండి వెడలగొట్టిరి. గిడ్డంగిపై చెక్కిన సంవత్సరము క్రీస్తు జననము మొదలు లెక్కించినది. కావున ఆ నాలుగు అంకెలు వారి కంటికి ధిక్కారముగా కనబడెను.

1640లో గిడ్డంగిని కూల్చివేయవలసినదని షోగను ఇయెమిత్సు ఆజ్ఞ వచ్చెను. అప్పుడు డచ్చివారికి ముఖ్యుడు ఫ్రాన్సువా కారన్. అతడు యౌవనము నుండి జపానులో నివసించి, ఆ భాషను, మర్యాదలను చక్కగా నేర్చినవాడు. ప్రభువు ఆజ్ఞకు ఎదురు వాదించుట అచట ద్రోహముగా నెంచబడునని ఎరిగినవాడగుటచే, వెంటనే కూల్చు పని ప్రారంభింపజేసెను. నష్టము గొప్పదే, కాని వర్తకము నిలిచెను.

మరుసటి సంవత్సరము వారిని నాగసాకి రేవులోని దెజిమా అను చిన్న దీవికి మార్చిరి. అచటి జీవనము ఇంచుమించు నిర్బంధమే. వంతెన దాటుటకు సైతము అనుమతి కావలెను. అయినను రెండు వందల యేండ్లకు పైగా, ఐరోపా జాతులలో జపానుతో వర్తకము చేయు అవకాశము వారికి మాత్రమే దక్కెను.

నేర్చుకొనుట ఒక పక్షమునకే పరిమితము కాలేదు. నాగసాకిలో కొన్ని కుటుంబములవారు తరతరములుగా డచ్చి భాష నేర్చి దుబాసీలుగా పనిచేసిరి. 1774లో సుగిటా గెంపకు మొదలగు వైద్యులు ఒక డచ్చి శరీరశాస్త్ర గ్రంథమును తమ భాషలో వెలయించిరి. సరకులతోపాటు విద్యయు ఆ చిన్న దీవి మీదుగా దేశములోనికి ప్రవేశించెను.

పరుల ఆచారమును గౌరవించుట యనగా తన ఆచారమును విడుచుట కాదు. తనకు స్వల్పముగా తోచునది ఎదుటివానికి మిక్కిలి గొప్పది కావచ్చునని గ్రహించుటయే. ఆ గ్రహింపు గిడ్డంగి కట్టుటకు పూర్వమే కలిగియున్నచో, దానిని కూల్చవలసిన పనియే యుండెడిది కాదు.